స్పోర్ట్స్ కారుకి కొత్త ఎగ్జాస్ట్ ఎలా బిగించాలి?

కొత్త ఎగ్జాస్ట్ వేసుకున్నవాళ్లు నన్ను పిలిచి కారు కిందికి చూడమనేది ఎక్కువగా రెండు కారణాలకే. గుంతలో పడితే అడుగున టకటకమంటోందని ఒకరు, వెనక రెండు గొట్టాల్లో ఒకటి నేలను, ఒకటి ఆకాశాన్ని చూస్తోందని ఇంకొకరు. కిందికి దూరి చూస్తే పైపుల్లో లోపమేమీ ఉండదు. తప్పంతా బిగించిన వరుసలో ఉంటుంది. అందుకని మిగతా పనులన్నీ గబగబా చెప్పేసి, ఆ ఒక్క చోట మాత్రం మిమ్మల్ని కాస్త విసిగిస్తాను.

కొనే ముందు

నేను చెప్పేది క్యాట్-బ్యాక్ గురించి. అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) వెనక నుంచి చివరి గొట్టం దాకా. కన్వర్టర్ జోలికి వెళ్లకండి. దాన్ని పీకేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. పైగా దాని వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ తేడా పసిగట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. శబ్దానికి మీ దగ్గర పరిమితి ఎంతో కూడా కొనకముందే చూసుకోండి. 2018 నుంచి ముస్టాంగ్ జీటీలో ఆప్షన్‌గా వచ్చిన, వాల్వులతో శబ్దాన్ని పెంచి తగ్గించే యాక్టివ్ ఎగ్జాస్ట్ లాంటిది మీ కారులో ఉంటే, వాల్వులు తిప్పే చిన్న మోటార్లు కొత్త సైలెన్సర్ మీద కూర్చుంటాయో లేదో అడిగి తెలుసుకోండి.

పవర్ మీద మరీ ఆశలు పెట్టుకోకండి. టర్బో లేని ఇంజిన్‌కి క్యాట్-బ్యాక్ వల్ల కలిసొచ్చేది కొంచెమే. మారేది శబ్దం, కాస్త బరువు. ఆ కొంచెం కోసం అన్నిటికన్నా లావు పైపు కొనేవాళ్లున్నారు. ఇంకో పక్క, ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్, అంటే బయటికి పోయే పొగకు కాస్త అడ్డు, ఉండాల్సిందేనని వాదించేవాళ్లున్నారు. ఇద్దరిదీ పొరపాటే. ఇంజిన్‌కి అడ్డు అక్కర్లేదు, పొగ జోరుగా పోవడం కావాలి. ఒక సిలిండర్ నుంచి ఎగజిమ్మిన పొగ తన వెనక కాస్త ఖాళీని వదులుతుంది, ఆ ఖాళీ తర్వాతి సిలిండర్ పొగను లాగుతుంది. పైపు అవసరానికి మించి లావైతే తక్కువ ఆర్‌పీఎంలో పొగ నెమ్మదించి ఆ లాగుడు తగ్గిపోతుంది. మీ ఇంజిన్ కోసం తయారైన కిట్ ఏ సైజులో వస్తే అదే వేయండి.

పెట్టెలో యూ-బోల్టు క్లాంపులు వస్తే పక్కన పడేసి, పైపు చుట్టూ పట్టీలా బిగిసే బ్యాండ్ క్లాంపులు తెచ్చుకోండి. యూ-బోల్టు పైపును సొట్ట పెట్టి పట్టుకుంటుంది, తర్వాత ఊడదీయాలంటే రంపమే దిక్కు.

సరంజామా, ఎత్తడం

జాకీలు రెండు, జాక్ స్టాండ్లు నాలుగు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు, ఆరు మూలల సాకెట్లు, పొడుగు హ్యాండిల్, తుప్పు వదిలించే స్ప్రే, యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు), టార్క్ రెంచి (ఎంత బిగువు పెట్టామో చెప్పే పానా), కళ్లద్దాలు, చేతొడుగులు, జాయింట్ల మధ్య లీకు ఆపే కొత్త గ్యాస్కెట్లు. తోడుగా ఒక మనిషి. పాత గ్యాస్కెట్ ఒకసారి నలిగిందంటే మళ్లీ పనికిరాదు.

కారు రాత్రంతా చల్లారనివ్వండి. గట్టి, మట్టమైన నేల మీద నాలుగు వైపులా ఒకే ఎత్తున స్టాండ్ల మీదికి దించండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కిందికి దూరేముందు కారును గట్టిగా ఊపి చూడండి.

పాతదాన్ని దించడం

తుప్పు స్ప్రే ముందు రోజు రాత్రే నట్ల మీద కొట్టి వదిలేయాలి. అప్పటికప్పుడు కొట్టి అయిదు నిమిషాల్లో పానా వేస్తే స్ప్రే దండగ. పన్నెండు మూలల సాకెట్ అసలు వాడొద్దు, తుప్పు పట్టిన నట్టు మూలలు అరగ్గొట్టేది అదే. నట్టు మొరాయిస్తే ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, తర్వాత వదులు చేయండి. టార్చితో వేడి చేయడం నాకు ఇష్టం ఉండదు. పక్కనే పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు ఉంటాయి, పైన మీరు కొట్టిన స్ప్రే కూడా అంటుకునే రకమే.

ఎగ్జాస్ట్‌ను కారు అడుగున వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లకు సబ్బునీళ్లు పూసి లాగితే జారి వస్తాయి. గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. రెండో జాకీ సైలెన్సర్ కింద పెట్టి, ముందు ఫ్లాంజ్ (రెండు పైపుల అంచులను బోల్టులతో కలిపే పళ్లెం) విప్పి, వెనక రబ్బర్లు ఆఖరున తీయండి. పాత ఎగ్జాస్ట్‌ను కోయకుండా దాచుకోండి. కారు అమ్మే రోజున అడుగుతారు.

వేలాడదీయడం, సర్దడం, ఆ తర్వాతే బిగించడం

అసలు పని ఇక్కడుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ముందు ఫ్లాంజ్ పెట్టి, టార్క్ రెంచి టక్కుమనేదాకా బిగించి, తర్వాతి పైపు తొడిగి దాన్నీ బిగించి, అలా వెనక్కి వచ్చాను. ఒక్కో జాయింటు పూర్తవుతుంటే భలే తృప్తిగా ఉంది. సైలెన్సర్ దాకా వచ్చేసరికి చివరి గొట్టం బంపర్‌కి ఆనుకుంది. బలవంతంగా ఒక పక్కకి తోసి రబ్బరు తగిలించాను. రోడ్డెక్కాక 2,000 ఆర్‌పీఎం దగ్గర కారంతా బొంయ్‌మని హోరు. రెండు వారాలు సైలెన్సర్‌ను తిట్టుకున్నాక తెలిసింది, మధ్య పైపు సబ్‌ఫ్రేమ్‌ను (కారు అడుగున సస్పెన్షన్‌ను మోసే చట్రాన్ని) ముద్దాడుతోందని. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2,000 ఆర్‌పీఎంలో సెకనుకి దాదాపు 67 సార్లు పేలుతుంది. పైపు ఎక్కడ తగిలితే అక్కడి నుంచి ఆ అదురంతా సీటు కిందికి వస్తుంది.

మొదటి జాయింటులో ఒక్క డిగ్రీ వంకర ఉంటే రెండు మీటర్ల దూరంలో అది మూడున్నర సెంటీమీటర్లవుతుంది. వెనక గొట్టం వంకరగా కనిపిస్తే వెనక క్లాంపు తిప్పి లాభం లేనిది ఇందుకే.

కాబట్టి ఇలా చేయండి. పైపులన్నిటినీ వరసగా తొడగండి, రబ్బర్లన్నీ తగిలించండి, నట్లన్నీ వేళ్లతో తిప్పినంత మటుకే పెట్టండి. మరలకు యాంటీ-సీజ్ రాయండి. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఉత్తినే తిరిగితే ఒకదాన్నొకటి కొరుక్కుని మధ్యలో ఆగిపోతాయి. అప్పుడు ముందుకీ రావు, వెనక్కీ రావు. ఒక పైపు రెండో పైపులోకి గుర్తు దాకా దూరిందో లేదో చూసుకోండి. గుర్తు లేకపోతే కనీసం రెండంగుళాలు, కిట్‌లో వేరే కొలత ఇస్తే అదే. పైపు అంచున చీలికలుంటే బ్యాండ్ క్లాంపు వాటిని పూర్తిగా కప్పాలి. క్లాంపు బోల్టు తల నేల వైపు వేలాడకూడదు, రాయి తగిలేది ముందు దానికే. అలాగని పానా పట్టని చోటికీ తిప్పకండి.

ఇప్పుడు వెనక్కి వెళ్లి నిలబడండి. మోకాళ్ల మీద కాదు, నాలుగడుగుల దూరంలో, గొట్టాల మధ్యకి సూటిగా. తోడున్న మనిషి కింద పైపును మెల్లగా తిప్పుతుంటే మీరు చెబుతూ ఉండాలి. రెండూ సమంగా అయ్యాక బంపర్‌కీ గొట్టానికీ మధ్య మడతపెట్టిన అట్టముక్కలు దూర్చండి, బిగించేటప్పుడు సందు చెదరదు. గొట్టం అంచు బంపర్ కన్నా కొద్దిగా బయటికి రావాలి, లోపలికి ఉంటే వేడికి ప్లాస్టిక్ కమిలిపోతుంది.

తర్వాత ఆ చివర నుంచి ఈ చివర దాకా పైపు వెంట చెయ్యి పోనివ్వండి. వేడి కవచాలు, యాంటీ-రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ), బ్రేకు పైపులు, వెనక ఇరుసు, అన్నిటికీ పైపుకీ మధ్య చూపుడు వేలు దూరాలి. వేలు దూరకపోతే అది తగులుతుందనే లెక్క. “చల్లగా ఉన్నప్పుడు తగలట్లేదు కదా” అంటారు కొందరు. 304 రకం స్టెయిన్‌లెస్ మీటరుకి, ప్రతి 100 డిగ్రీలకి 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు మీటర్ల ఎగ్జాస్ట్ 300 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరు పెరిగినట్టే. ముందు భాగం బిగించి ఉంటుంది గనుక ఆ పెరుగుదలంతా వెనక్కే. అందుకే నేను వెనక రబ్బర్లను చల్లగా ఉన్నప్పుడు ఒక పిసరు ముందుకి వాలేలా పెడతాను. వేడెక్కాక నిటారుగా నిలుస్తాయి.

ఇంకో మోసం ఉంది. కారు స్టాండ్ల మీద ఉంటే చక్రాలు వేలాడుతుంటాయి, ఇరుసు కిందికి జారి ఉంటుంది. అప్పుడు బోలెడంత కనిపించిన సందు కారు దించాక మాయమవుతుంది. రెండో జాకీతో వెనక సస్పెన్షన్‌ను కొద్దిగా పైకి ఎత్తి మరోసారి చూడండి. బరువు స్టాండ్ల మీద నుంచి లేవకూడదు సుమా.

ఇవన్నీ కుదిరాకే టార్క్ రెంచి పట్టుకోండి. ముందు ఫ్లాంజ్ నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. మొదటి విడతలో సగం బిగువు, గొట్టాలు కదిలాయేమో చూసి రెండో విడతలో కిట్ కాగితంలో ఇచ్చిన టార్క్. ఫ్లాంజ్‌లో ఒక నట్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోవద్దు, తలా కొంచెం తిప్పుతూ రండి. రెండు విడతల మధ్య గొట్టం పక్కకి జరిగితే సోమరితనం పనికిరాదు. అన్నీ వదులు చేసి మళ్లీ సర్దాలి. నాకు ఇప్పటికీ రెండుసార్లు సర్దనిదే కుదరదు.

స్టార్ట్ చేసేముందు, తర్వాత

వేలిముద్రలన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి, లేకపోతే మొదటి వేడికే మచ్చలుగా కాలి అక్కడే ఉండిపోతాయి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడవొద్దు, వేడి లోహం మీద అది విషవాయువు అవుతుంది.

ఆరుబయటే స్టార్ట్ చేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పైపులు ఇంకా చల్లగా ఉండగానే జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు లేస్తాయి. ఆ తర్వాత పావుగంట దాకా సన్నటి పొగ, మాడు వాసన వస్తాయి. ఫ్యాక్టరీ నూనె కాలడమే, టెన్షన్ పడొద్దు. కారు పూర్తిగా చల్లారాక క్లాంపులన్నీ మరోసారి రెంచితో చూడండి, ఒకటి రెండు పావు చుట్టు తిరగడం మామూలే. 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి. అప్పుడు ఏ జాయింటు చుట్టూ అయినా నల్లటి మసి కనిపిస్తే లీకు అక్కడే. ఆ క్లాంపును అదనంగా నొక్కేయకుండా, వదులు చేసి పైపు ఎంత లోపలికి దూరిందో చూసుకోండి.