రాయి గట్టిదే, మరి జాయింట్? గరుకును, బలాన్ని కొండ దగ్గరే కొలిచే పద్ధతి

సైట్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న: "మేడమ్, రాయి గట్టిదేనా?" హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గట్టిదే, అందులో అనుమానం లేదు. కానీ రోడ్డు కోసం కొండను కోసినప్పుడు బండ పడేది రాయి విరిగి కాదు, అందులో ముందునుంచే ఉన్న జాయింట్ (రాతిలో సహజంగా ఏర్పడ్డ పగులు) మీదుగా జారి. 2021 డిసెంబరులో భారీ వానల తరువాత తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి. ఆ కొండ క్వార్ట్జైట్, మన రాళ్లలోకెల్లా గట్టివాటిలో ఒకటి. అయినా పడ్డాయి. అందుకే కొత్తగా ఫీల్డుకొచ్చే పిల్లలకు నేను మొదట జాయింట్ ముఖాన్ని, అంటే ఆ పగులు గోడను, చదవడమే నేర్పిస్తాను.

కొలవాల్సినవి ముఖ్యంగా రెండు. ముఖం ఎంత గరుకుగా ఉంది, ఆ ముఖం పైపొర ఎంత గట్టిగా ఉంది. మొదటిది జేఆర్‌సీ (జాయింట్ రఫ్‌నెస్ కోఎఫిషియంట్), రెండోది జేసీఎస్ (జాయింట్ వాల్ కంప్రెసివ్ స్ట్రెంగ్త్). బార్టన్, చౌబే అనే పరిశోధకులు 1977లో ఇచ్చిన సూత్రం ఈ రెండింటినీ కలుపుతుంది: ఘర్షణ కోణం = అవశేష ఘర్షణ కోణం + జేఆర్‌సీ × లాగ్ (జేసీఎస్ ÷ లంబ ఒత్తిడి). లాగ్ అంటే ఇక్కడ పది ఆధారంగా తీసుకునేది. ఘర్షణ కోణం అంటే ఎంత వాలు దాకా ముఖం బండను జారకుండా ఆపగలదో ఆ కోణం; అవశేషం అంటే గరుకు అరిగిపోయాక మిగిలేది; లంబ ఒత్తిడి అంటే ముఖానికి లంబంగా పడేది.

గరుకుతో మొదలుపెట్టండి. ముందు బండ ఏ దిక్కుకు జారుతుందో కాంపాస్‌తో చూసుకుని, ముఖం మీద చాక్‌పీస్‌తో ఆ దిశలో గీత గీయండి. కొలత ఆ గీత మీదే. ఒకే జాయింట్ అడ్డంగా చూస్తే గరుకుగా, జారే దిశలో నున్నగా ఉండటం మామూలే. తరువాత మట్టిని మెత్తటి బ్రష్‌తో తుడవండి. వైర్ బ్రష్ వద్దు, ముఖం మీద కుళ్లిన పొర ఉంటే అది కూడా లేచిపోతుంది, మనకు కావాల్సింది ఆ పొరే. టార్చిని ముఖానికి ఆనించినట్టు పక్కనుంచి వేస్తే ఎత్తుపల్లాలు నీడలతో సహా కనబడతాయి.

ఇప్పుడు ప్రొఫైల్ గేజ్, అదే సన్నటి సూదుల వరుస ఉన్న దువ్వెన, గీత మీద నిలువుగా పెట్టి మెల్లగా నొక్కండి. సూదులు ఆగిన ఆకారాన్ని నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసి, ప్రామాణిక పటంలోని పది గీతలతో పోల్చండి. మొదటిది దాదాపు సమతలం, జేఆర్‌సీ 0 నుంచి 2. చివరిది బాగా గరుకు, 18 నుంచి 20. ఆ గీతలు 10 సెం.మీ. పొడవుకు గీసినవి. ఫోన్ తెరమీద పెద్దది చేసి పోల్చితే కొలత పనికిరాదు. ప్రింట్ తీసి, పటంలోని 10 సెం.మీ. గీత నిజంగా 10 సెం.మీ. ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకోవాలి.

కంటిచూపుతో పోల్చడంలో మనిషికి మనిషికి తేడా వస్తుంది. దాన్ని సరిచూసుకోవడానికి 10 సెం.మీ. ఇనుప స్కేలును ముఖం మీద ఆనించి, కింద అత్యంత లోతైన సందు కొలవండి. ఆ లోతును పొడవుతో భాగించి 400తో గుణిస్తే జేఆర్‌సీ సుమారుగా వస్తుంది. సందు 1.8 మి.మీ. ఉంటే విలువ 7 దగ్గర. ఒకే జాయింట్ మీద కనీసం మూడు చోట్ల తీయండి.

బలానికి ష్మిట్ హ్యామర్, అంటే రాయిని కొట్టి వెనక్కి ఎంత ఎగిరిందో రీడింగుగా చూపే స్ప్రింగ్ సుత్తి. సైట్ క్వాలిటీ ల్యాబ్‌లో కాంక్రీట్ కోసం ఉంచే రీబౌండ్ హ్యామర్ సాధారణంగా ఎన్ రకం. కింద ఇచ్చే జేసీఎస్ సూత్రం ఎల్ రకానిది, దాని దెబ్బ శక్తి 0.735 న్యూటన్ మీటర్లు. ఎన్ రీడింగులను నేరుగా ఇందులో వేయకండి. ముఖాన్ని తడిపి కొట్టండి, వానాకాలంలో బండ ఎలా ఉంటుందో మనకు అదే లెక్క. హ్యామర్ ముఖానికి లంబంగా ఉండాలి, ప్రతి దెబ్బా కొత్త చోట పడాలి. డొల్ల చప్పుడు వస్తే కింద బండ వదులైందని అర్థం, ఆ రీడింగు వదిలేయండి.

నోట్‌బుక్‌లో ఒక గ్రానైట్ జాయింట్ లెక్క ఇలా ఉంటుంది: 28, 36, 31, 35, 37, 30, 36, 26, 36, 33. పదింటిలో తక్కువవి ఐదు తీసేసి మిగిలిన వాటి సగటు: 36. కింది సూత్రం హ్యామర్‌ను నిలువుగా కిందికి కొట్టినప్పటిది. నిలువు గోడ మీద అడ్డంగా కొడితే రీడింగు కాస్త ఎక్కువ చూపిస్తుంది, పరికరంతో వచ్చే పట్టిక చూసి తగ్గించుకోవాలి. తరువాత 0.00088 × ఘనమీటరు బరువు × రీడింగు + 1.01, ఇది జేసీఎస్ లాగ్ విలువ. గ్రానైట్ 26 కిలోన్యూటన్లు ప్రతి ఘనమీటరుకు అనుకుంటే 68 మెగాపాస్కల్స్. అదే బండను కోసి, ఎండిన తాజా ముఖం మీద కొడితే 45 వచ్చిందనుకోండి, అది 110. జాయింట్ ముఖం మీద ఫెల్డ్‌స్పార్ (గ్రానైట్‌లోని ఒక ఖనిజం) మెత్తబడి, గోధుమరంగు తుప్పు మరక పట్టి, అంత తేడా తెచ్చింది. ల్యాబ్ నుంచి వచ్చిన తాజా కోర్ (డ్రిల్ చేసి తీసిన రాతి ముక్క) బలాన్ని జేసీఎస్‌గా రాసే రిపోర్టులు చూస్తే నాకు భయమేస్తుంది.

అవశేష కోణానికీ ఈ రెండు రీడింగులే కావాలి. రంపంతో కోసిన గ్రానైట్ ప్రాథమిక ఘర్షణ కోణం 31 డిగ్రీలు అనుకుంటే, అందులోంచి 20 తీసి, 20 × (36 ÷ 45) కలపండి. 27 డిగ్రీలు.

చేతికి ఎత్తగలిగే జత ముక్కలు దొరికితే వంపు పరీక్ష తప్పక చేయండి, నాకు అన్నిటికంటే నమ్మకం దానిమీదే. పైముక్కను కిందిముక్క మీద సరిగ్గా అమర్చి, మెల్లగా వంచుతూ జారిన క్షణంలో కోణం చూడండి. 10 సెం.మీ. మందం ముక్క 62 డిగ్రీల దగ్గర జారితే, ఒత్తిడి = ఘనమీటరు బరువు × మందం × వంపు కోణం కొసైన్ వర్గం, అంటే 0.00057 మెగాపాస్కల్స్. 62లోంచి 27 తీసి, లాగ్ (68 ÷ 0.00057) విలువ 5.07తో భాగిస్తే జేఆర్‌సీ 6.9. స్కేలు చెప్పిన 7తో సరిపోయింది.

ఇక్కడే ఆగిపోకండి. పై లెక్క 10 సెం.మీ. ముక్కది, కొండమీద జారేది రెండు మీటర్ల బండ. పెద్ద ముఖం మీద చిన్న గరుకులు అంత పనిచేయవు. బార్టన్, బాండిస్ సవరణ ప్రకారం పొడవుల నిష్పత్తి 20ని −0.02 × జేఆర్‌సీ ఘాతానికి ఎత్తి జేఆర్‌సీని, −0.03 × జేఆర్‌సీ ఘాతానికి ఎత్తి జేసీఎస్‌ను గుణించాలి. 7 కాస్తా 4.6కు, 68 కాస్తా 36కు దిగుతాయి. 0.2 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర సవరణ లేకుండా ఘర్షణ కోణం 45 డిగ్రీలు, సవరించాక 37. జాయింట్ వాలు 40 డిగ్రీలైతే మొదటి లెక్కలో బండ నిలబడుతుంది, రెండో లెక్కలో జారుతుంది.

సందులో బంకమట్టి నిండి, దాని మందం గరుకుల ఎత్తును మించి ఉంటే ఇదంతా పక్కన పెట్టేయండి. అప్పుడు రెండు ముఖాలూ ఒకదానికొకటి తగలనే తగలవు, జారుడును ఆపాల్సింది ఆ మట్టే. దాన్ని తడి ఆరకుండా గట్టిగా చుట్టి డైరెక్ట్ షియర్ పరీక్షకు (పక్కకు తోసి జారుడు బలం కొలిచే పరీక్ష) పంపండి. రిపోర్టు వచ్చేదాకా జేఆర్‌సీ గడిని ఖాళీగానే ఉంచండి.