పీఎం రిలీఫ్ ఫండ్ అర్జీ: చందా డబ్బు కట్టేసే ముందే ఎస్టిమేట్ రాయించుకోండి

ఒడిశా పర్లాకిమిడిలో మా వీధి కుర్రాడికి ఇరవై మూడేళ్ళు. మెడ పక్కన గడ్డ వచ్చింది, బయాప్సీ చేస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు. కుర్ర వయసులో ఎక్కువగా కనబడే క్యాన్సర్లలో ఇదొకటి, కీమో పూర్తిగా పడితే చాలామందికి నయమవుతుంది. ఆ మాట విన్నాక వీధిలో ఎవరూ ఊరుకోలేదు. తోటి కుర్రాళ్ళు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, లక్షా ఎనభై వేలు పోగైంది. ఆ మొత్తం ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో రెండు వారాల్లో అయిపోయింది. తర్వాత వాళ్ళమ్మ ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. "బాబూ, బిల్లులన్నీ దాచాను, ఒక్కటి కూడా పారేయలేదు. వీటికి ఢిల్లీ నుంచి ఇస్తారంట కదా?"

ఇవ్వరు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి ఇక జరగబోయే వైద్యానికి మాత్రమే ఇస్తుంది, కట్టేసిన బిల్లులకి తిరిగివ్వదు. పైగా డబ్బు మన చేతికి రాదు, నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది. ఆ సంగతి ముందే తెలిసుంటే ఆ చందా ఇంకోలా వాడుకునేవాళ్ళం, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆయుష్మాన్ కార్డు చూసుకోండి. 2025 నుంచి ఒడిశాలోనూ ఇది నడుస్తోంది, రాష్ట్ర ప్రభుత్వ పథకం గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. పథకంలో ఉన్న ఆసుపత్రి అయితే విశాఖలో కూడా పనిచేస్తుంది. అటు పాతపట్నంలో చుట్టాలు ఉన్నారు కదా అని ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీద ఆశ పెట్టుకోకండి, మన రేషన్ కార్డు ఒడిశాది. కార్డు సరిపోనప్పుడు, లేదా కార్డులో లేని ఖర్చు పడినప్పుడు పీఎం ఫండ్‌కి వెళ్ళండి.

ఫారం పీఎం రిలీఫ్ ఫండ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానికి ఫోటోలు, చిరునామా రుజువు, ఆదాయ ధ్రువపత్రం, ఆసుపత్రి ఇచ్చిన ఒరిజినల్ మెడికల్ సర్టిఫికెట్ జతచేసి ప్రధాని కార్యాలయానికి పంపాలి. పని అంతే. తిరగ్గొట్టేదీ తిప్పించేదీ ఆ చివరి కాగితమే. అందరూ ఎస్టిమేట్ అంటారే, అదే.

అందులో జబ్బు పేరు స్పష్టంగా ఉండాలి, ఇంకా ఎంత వైద్యం మిగిలుందో, దానికి ఎంత అవుతుందో అంకెల్లో ఉండాలి, డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉండాలి. చాలామంది డిశ్చార్జి సమరీ జిరాక్స్ పెట్టి పంపేస్తారు, అది జరిగిపోయిన వైద్యం కాగితం, ఎస్టిమేట్ కాదు. అలాగే ఆ ఆసుపత్రి ప్రభుత్వానిదైనా అయుండాలి, ఫండ్ జాబితాలోనైనా ఉండాలి. జాబితా కూడా ఆ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, చేరకముందే చూసుకోండి. మనవైపు వాళ్ళు ఎక్కువగా వెళ్ళే కటక్ ఆచార్య హరిహర్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వానిది, విశాఖ అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కేంద్ర ప్రభుత్వ అణుశక్తి విభాగం కింద నడిచే టాటా మెమోరియల్‌ది. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ అని ఒకరు ఉంటారు. ఓపీలో డాక్టర్ని అడగడానికి భయమేస్తే నేరుగా వాళ్ళ గదికి వెళ్ళి "పీఎం ఫండ్‌కి ఎస్టిమేట్ కావాలి" అని ఆ మాటే అనండి. ఎవరూ విసుక్కోరు, వాళ్ళు రోజూ చేసే పనే అది.

ఇక పేరు. మా కుర్రాడికి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆసుపత్రి ఫైలులో ఒక్క అక్షరమే ఉంది, ఆదాయ పత్రంలో ఒడియా నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి తండ్రి పేరు ఇంకోలా పడింది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! ఓపీ చీటీ రాయించే రోజే ఆధార్ చేతికిచ్చి, చూసి రాయమనండి. ఆదాయ పత్రానికి జన సేవా కేంద్రంలో దరఖాస్తు పెడితే ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) విచారణ అయ్యాక తహసీల్దారు ఇస్తారు. రశీదు జాగ్రత్త పెట్టుకోండి, పత్రం చేతికొచ్చిన వెంటనే అక్కడే నిలబడి పేర్లు చదవండి.

ఎంపీ ఉత్తరం తప్పనిసరి కాదు, ఉంటే మంచిదని చాలామంది తీసుకుంటారు. పర్లాకిమిడి బరంపురం ఎంపీ కిందకి వస్తుంది, గుణుపురం వాళ్ళది కొరాపుట్, ఇక్కడ పొరపడి ఒకరి ఆఫీసు నుంచి ఇంకొకరి ఆఫీసుకి తిరిగినవాళ్ళని చూశాను. "నాకు ఢిల్లీలో మనుషులున్నారు, వచ్చినదాంట్లో పది శాతం ఇవ్వండి" అని ఎవరైనా వస్తే పైసా ఇవ్వకండి. ఈ అర్జీకి ఫీజే లేదు. ఎంత మంజూరు చేయాలన్నది ప్రధాని విచక్షణ, నిధిలో ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. అడిగినంతా రాకపోవచ్చు, కొంత భాగమే రావచ్చు, అది తెలుసుకునే అడగండి.

మరి చందా డబ్బు దేనికంటే, ఫండ్ ఇవ్వని వాటికి. విశాఖలో గది అద్దె, రెండు వారాలకొకసారి రానుపోను ఖర్చు, తోడు వెళ్ళిన తండ్రి పోగొట్టుకునే కూలి, బయట చేయించే పరీక్షలు. పెళ్లికాని పిల్లలైతే కీమో మొదలవకముందే రేపు పిల్లలు పుట్టే విషయం డాక్టర్ని అడగాలి, వీర్యం దాచిపెట్టడానికి అయ్యే ఖర్చు కూడా ఇందులోంచే పెట్టుకోవచ్చు. సిగ్గుపడి వదిలేస్తే తర్వాత ఆ అవకాశం ఉండకపోవచ్చు. చందా ఖాతా ఇద్దరి సంతకాలతో తెరిచి, ఖర్చు ఎప్పటికప్పుడు వీధి గ్రూపులో పెట్టండి, రెండోసారి అడగాల్సి వస్తే జనం మొహం చాటేయరు.

మా కుర్రాడికి మిగిలిన నాలుగు కీమో సైకిళ్ళకి (విడతలకి) కొత్తగా ఎస్టిమేట్ రాయించి అర్జీ పంపాం. పంపేముందు అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీశాం, ఒకటి ఇంట్లో, ఒకటి వాళ్ళమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచీలో. మీ దగ్గర ఎస్టిమేట్ ఉండి ఫారం నింపడం రాకపోతే, వీధిలో డిగ్రీ చదివే పిల్లల్ని ఒకరిని కూర్చోబెట్టుకోండి, అరగంట పని.