పాత ట్రాక్టరు, సొంత మరమ్మతు – 5వ పాఠం: వెనక హౌసింగులో ఏ ఆయిల్ పోయాలి?

పోయిన పాఠంలో ఇంజన్ ఆయిల్ మార్చుకున్నాం. ఈసారి సీటు కింద ఉండే పెద్ద హౌసింగు దగ్గరికి వద్దాం. గేర్‌బాక్సు, వెనక చక్రాల్ని తిప్పే క్రౌన్ పీనియన్ పళ్లు, పనిముట్లని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టు అన్నీ ఉండేది అక్కడే. ఇక్కడ తప్పు ఆయిల్ పోసినా ఆ రోజు ఏమీ తెలియదు. సార్వా దమ్ము అంతా బండి మామూలుగానే తిరుగుతుంది. దాళ్వా నాట్ల మధ్యలో లిఫ్టు మొరాయిస్తుంది. అప్పుడు షెడ్డులో ఖాళీ ఉండదు, పొలంలో కూలీలు ఎదురుచూస్తూ ఉంటారు. అందుకే ఈ పాఠం నెమ్మదిగా చదవండి.

కొట్టుకెళ్లే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీ బండిలో ఆయిల్‌కి గది ఒకటా, రెండా?

మాస్సీ ఫెర్గూసన్ 1035 లాంటి బండ్లలో గది ఒకటే. ఫెర్గూసన్ పాత చిన్న ట్రాక్టర్ల నుంచి వచ్చిన పద్ధతి ఇది. గేర్లు, డిఫరెన్షియల్, లిఫ్టు అన్నిటికీ ఒకే ఆయిల్. హైడ్రాలిక్ పంపు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, దాన్ని తిప్పేది పీటీఓ షాఫ్టు, అంటే వెనక తగిలించే యంత్రాల్ని తిప్పే కడ్డీ. చక్రాలకీ పీటీఓకీ ఒకే క్లచ్ ఉన్న సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ పూర్తిగా తొక్కితే లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోవడానికి కారణం అదే. కొన్ని బండ్లలో పంపు బయట, ఇంజన్ పక్కన ఉంటుంది. పంపు బయట ఉంది కదా అని ఆయిల్ వేరనుకోకండి. దాని సక్షన్ పైపు, అంటే ఆయిల్ పీల్చే పైపు, చేత్తో తడుముకుంటూ వెనక్కి వెళ్లండి. ఆ పైపు వెనక హౌసింగులోకే వెళితే ఆ బండి కూడా ఒకే గది లెక్క. వేరే ట్యాంకులోకో, విడిగా గేజు (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉన్న లిఫ్టు పెట్టెలోకో వెళితే రెండు గదులు.

రెండు గదులుంటే మన పని తేలిక. గేర్‌బాక్సుకి గేర్ ఆయిల్, లిఫ్టుకి హైడ్రాలిక్ ఆయిల్, మాన్యువల్‌లో రాసిన నంబరు చూసి పోసుకోవడమే. చిక్కంతా ఒకే గది ఉన్న బండితోనే. గేర్ల పళ్లకి చిక్కటి, బలమైన పొర కావాలి. పంపుకి పొద్దున్నే చలిలో కూడా సులువుగా లోపలికి జారే ఆయిల్ కావాలి. ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టాలన్నమాట.

అత్తిలి దగ్గర మా ఊళ్లో మా బండితో జరిగింది చెబుతాను. గేర్ల శబ్దం ఎక్కువైందని నాన్న టౌన్లో ఒక ఆయిల్ కొట్లో అడిగారు. 140 నంబరు గేర్ ఆయిల్ పోస్తే శబ్దం ఆగుతుందన్నారు. పోశాం. నిజంగానే శబ్దం తగ్గింది. నాన్న చాలా సంతోషపడ్డారు. సంక్రాంతి ముందు చలిలో తెల్లవారుజామున బండి తీస్తే లిఫ్టు లివరు ఎత్తినా చేతులు కదల్లేదు. సీటు కింద సన్నగా ఈల వేస్తున్నట్టు ఒక మోత. పావుగంట పోయాక దమ్ము చక్రం అంగుళం అంగుళంగా లేచింది. బండి వేడెక్కాక మధ్యాహ్నం అంతా బాగానే ఉంది. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే తంతు. గేజు పైకి తీసి పట్టుకుంటే ఆయిల్ బొట్టుగా పడలేదు, బెల్లం పాకంలా తీగ సాగింది.

మా మేస్త్రీ గారు ఆ తీగ చూసి, "అబ్బాయ్, గేర్ల సంగతే చూశావు. పంపు కూడా ఈ నూనే తాగాలి కదా" అన్నారు. ఆ ఈల మోత పంపుది. ఫెర్గూసన్ పద్ధతిలో కంట్రోల్ వాల్వు పంపులోకి ఆయిల్ వచ్చే వైపే ఉంటుంది. ఆయిల్ చిక్కబడితే ఆ సన్నటి దారిలో సరిగ్గా రాదు, పంపు ఆకలితో తిరుగుతుంది. అలా తిరిగిన ప్రతి పొద్దూ పంపు అరుగుతూనే ఉంటుంది. అప్పటినుంచీ నా లెక్క ఒకటే. ఒకే గది ఉన్న బండికి ఆయిల్ ఎంచేటప్పుడు ముందు పంపుని అడగాలి, తర్వాతే గేర్లని. గేరు శబ్దానికి కారణం బేరింగు అరుగుదలైతే దానికి మందు బేరింగే.

ఇప్పుడు డబ్బా మీద నంబర్ల సంగతి. ఇంజన్ ఆయిల్ నంబర్లు, గేర్ ఆయిల్ నంబర్లు రెండు వేరు వేరు కొలబద్దలు. 90 నంబరు గేర్ ఆయిల్ 40 నంబరు ఇంజన్ ఆయిల్ కన్నా రెండింతలకు పైగా చిక్కన అనుకునేవాళ్లు చాలామంది. కాదు. 100 డిగ్రీల వేడిలో కొలిస్తే 90 గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. 40 ఇంజన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 మధ్య. అంటే రెండూ ఇంచుమించు పక్కపక్కనే. 80 నంబరు గేర్ ఆయిల్ ఇంకా పల్చన, 11 లోపే. మేం పోసిన 140 మాత్రం 24 దగ్గర మొదలవుతుంది. హైడ్రాలిక్ ఆయిల్ మీద ఉండే 68 మూడో కొలబద్ద, అది 40 డిగ్రీల దగ్గర కొలిచింది. కాబట్టి ఒక డబ్బా మీది నంబరుని ఇంకో రకం డబ్బాతో పోల్చి ఏది చిక్కనో చెప్పకండి.

నంబరు పక్కన జీఎల్-4 అనో జీఎల్-5 అనో ఉంటుంది. పళ్ల మధ్య ఒత్తిడి తట్టుకోవడానికి కలిపే గంధకం, భాస్వరం మందుల మోతాదు జీఎల్-5లో ఎక్కువ. పెద్ద నంబరు కదా, మంచిదే అనుకుంటాం. కానీ పాత బండ్లలో ఇత్తడి, కంచు బుష్‌లు ఉంటాయి. ఆ మందు ఘాటు ఎక్కువైతే, అందులోనూ వేడి మీద, ఆ లోహాన్ని మెల్లగా తినేయగలదు. మాన్యువల్ ప్రత్యేకంగా అడిగితే తప్ప పాత బండి గేర్‌బాక్సులోకి నేను జీఎల్-5 రానివ్వను.

ఒకే గది బండికి సరిగ్గా సరిపోయే ఆయిల్ డబ్బా మీద యూటీటీఓ అని ఉంటుంది. ట్రాక్టరు గేర్లకీ హైడ్రాలిక్‌కీ కలిపి తయారుచేసిన ఆయిల్ అని అర్థం. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే బండికైతే ఇది తప్పనిసరి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే ఆ బ్రేకులు కీచుమంటాయి, వణుకుతాయి. ఉత్త 68 హైడ్రాలిక్ ఆయిల్ చవకని ఒకే గదిలో నింపేవాళ్లున్నారు. లిఫ్టు పరుగెడుతుంది, క్రౌన్ పళ్లు మాత్రం పాడవుతాయి. మా 1035కి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి చాలదు. ఖర్చు గట్టిదే, అందుకే కొనేముందు మాన్యువల్‌లోని పేరూ డబ్బా మీది పేరూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. పీపాలోంచి విడిగా పోసే ఆయిల్ వద్దు.

ఇంత చూసి మంచి ఆయిల్ పోశాక మన గోదావరి డెల్టాలో దాన్ని పాడుచేసేది నీళ్లు. దమ్ములో ఇరుసు దాకా నీళ్లు, బురద. అరిగిన ఇరుసు సీళ్ల దగ్గర, చిరిగిన గేర్ లివరు రబ్బరు దగ్గర లోపలికి దిగుతాయి. బండి కడిగేటప్పుడు పైపు ఆ రబ్బరు మీదికే తిప్పేవాళ్లనీ చూశాను. ఇంకో దారి చాలామందికి తట్టదు. హైడ్రాలిక్ జాకీతో ఎత్తి దించే తొట్టి (ట్రాలీ) అరువు తెచ్చుకుంటాం. దాని జాకీలో అవతలి బండి ఆయిల్ ఉంటుంది, హోసు తగిలించి ఎత్తి దించగానే అది మన హౌసింగులోకి వస్తుంది. వాళ్ల ఆయిల్లో నీళ్లుంటే అవీ వస్తాయి.

ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే నీళ్లు కలిసినట్టే. అంతదాకా రాకముందే పట్టుకోవచ్చు. పాత పెనం బాగా వేడిచేసి, మొహం దూరంగా పెట్టి, గేజు కొసనుంచి రెండు బొట్లు వేయండి. చిటపటమంటే నీళ్లున్నాయి. ఊరికే పొగ వస్తే లేవు.

రెండు పనులకి రెండు వేళలు గుర్తుంచుకోండి. నీళ్లు తీయాలంటే బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్న స్టార్టు చేయకముందే డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేయాలి. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి. ఆయిల్ రాగానే బిగించేయండి. మొత్తం ఆయిల్ మార్చాలంటే దీనికి పూర్తిగా ఎదురు. బండి గంటసేపు తిరిగి వేడి మీద ఉండగానే దించాలి, అప్పుడే మడ్డి కూడా కలిసి బయటికొస్తుంది. తెల్లగా విరిగిపోయిన ఆయిల్ మాత్రం తేరుకోదు. అది మొత్తం మార్చాల్సిందే, సీలు కూడా మార్చాల్సిందే. సీలు వదిలేసి ఆయిల్ ఒక్కటే మారిస్తే వచ్చే దమ్ముకి మళ్లీ తెల్లబడుతుంది.

ఈ వారం పని: బండిని చదునైన చోట నిలిపి, లిఫ్టు చేతులు కిందికి దించి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగండి. గేజు చూసి మట్టం రాసుకోండి. ఒక ఖాళీ నీళ్ల సీసాలోకి కొంచెం ఆయిల్ తీసి, రాత్రంతా కిటికీలో ఉంచి, పొద్దున్న అడుగున ఏముందో చూడండి. ఆ సీసా పారేయకండి. కాలవలు కట్టేశాక, వేసవిలో బండి ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పనే వచ్చే పాఠం: పక్క మూత విప్పి పంపు జాలీ కడగడం, ఇరుసు సీలు మార్చడం. మీ సీసాని బట్టే ఆ రెండింటిలో ఏది ముందో తేల్చుకుందాం.