చలికాలం ముంగిట పూలమొక్కల చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

శరదృతువు చివరి రోజుల్లో ఇంటి తోటలో ఇంకా పూస్తూ ఉండేవి కొద్ది మొక్కలే. చామంతి, ఆస్టర్, చలి ముదిరేదాకా బంతి, అక్కడక్కడా ఒక గులాబీ. వీటికి ఏ ఇబ్బంది వచ్చినా గుప్పెడు ఎరువు వేసి, నీళ్లు కాస్త ఎక్కువ పోయడం చాలామందికి అలవాటు. పగళ్లు కురచబడి, ఎండ వాలి, మట్టి చల్లబడుతున్న ఈ రోజుల్లో మొక్క తీసుకునే నీరూ పోషకాలూ రెండూ తగ్గిపోతాయి కాబట్టి, వేసవిలో ప్రాణం పోసిన ఆ రెండు పనులే ఇప్పుడు హాని చేస్తాయి. మొక్కను పైనుంచి కిందదాకా ఒకసారి పరిశీలించాకే ఏ పనైనా చేయాలి.

చామంతి గుబురుగా పెరిగింది, కానీ మొగ్గ తొడగలేదు

ఈ కాలపు సమస్యల్లో ఎక్కువగా పొరపడేది దీని దగ్గరే. చామంతి చీకటిని లెక్కించే మొక్క, రాత్రులు పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. పూత పగటి నిడివిని బట్టి ఉంటుందని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో పొగాకు, సోయా మొక్కల ద్వారా చూపించారు. 1938లో హామ్నర్, బానర్ మరో మొక్కపై చేసిన ప్రయోగాల్లో, అసలు లెక్కలోకి వచ్చేది తెగిపోకుండా సాగిన రాత్రి చీకటి అని తేలింది. అంటే రాత్రి నడుమ కొద్దిసేపు వెలుతురు పడినా, ఆ పొడవైన రాత్రి మొక్కకు రెండు పొట్టి రాత్రులుగా అందుతుంది. పూలసాగు చేసేవారు పూతను కావాలని ఆలస్యం చేయడానికి అర్ధరాత్రి దీపాలు వెలిగించేది ఇందుకే.

కనుక ముందుగా చీకటి పడ్డాక కుండీ దగ్గర నిలబడి చూడండి. వీధి దీపం, వరండా బల్బు, కిటికీలోంచి పడే వెలుగు ఆకులను తాకుతున్నాయా? నేను ఒకే రోజు నాటిన రెండు చామంతుల్లో గేటు దీపం కింద ఉన్నది ఆకులతోనే ఆగిపోయి, గోడ చాటున ఉన్నది నిండా పూసినప్పుడు ఈ సంగతి నాకు బాగా నాటుకుంది. కుండీని చీకటి మూలకు జరపడం అన్నిటికన్నా సులువు. నేలలో ఉన్న మొక్కైతే సాయంత్రం అయిదింటి నుంచి ఉదయం ఎనిమిదింటి దాకా వెలుతురు దూరని నల్లగుడ్డనో అట్టపెట్టెనో కప్పాలి, మొగ్గల్లో రంగు కనిపించేదాకా ఒక్క రోజూ మానకూడదు. చీకటి సరిగా అందడం మొదలైన నాటి నుంచి పూయడానికి రకాన్ని బట్టి 7 వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది కనుక, ఆలోపు గట్టి చలి వచ్చే చోట కుండీని వెలుతురున్న చల్లని గదిలోకి చేర్చుకోవలసి ఉంటుంది.

దీపం ఏదీ లేదంటే మరో రెండు కారణాలు చూడాలి. కొనలు మరీ ఆలస్యంగా తుంచి ఉంటే కొత్త కొమ్మలకు మొగ్గ తొడిగే వ్యవధి చాలదు, పూత కోరుకునే సమయానికి సుమారు మూడు నెలల ముందే తుంచడం ఆపేయాలి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత వెనకబడుతుంది. ఇప్పుడిక ఎరువు ఆపేయడమే మందు.

మొగ్గలు వచ్చాయి, విచ్చుకోకుండా ఎండిపోతున్నాయి

ఒక మొగ్గను చీల్చి చూడండి. లోపల సన్నటి పొడవాటి పురుగులు కదులుతూ, రేకులపై గీతల్లాంటి మచ్చలు ఉంటే అవి తామర పురుగులు. మొగ్గ కాడ చుట్టూ నల్లగానో పచ్చగానో గుంపుగా అంటుకుని ఉంటే పేనుబంక. పేనుబంకను నీటిధారతో కడిగేస్తే చాలావరకు పోతుంది. తామర పురుగు పట్టిన మొగ్గలను తీసివేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా ద్రవ సబ్బు కలిపి ఎండ తగ్గాక పిచికారీ చేయాలి, వారం తర్వాత మళ్లీ చేయాలి. పురుగే కనబడకపోతే ఎండ చాలక, లేదా మట్టి ఒకసారి పూర్తిగా ఎండి మరోసారి తడిసి ముద్దవడం వల్ల మొగ్గ మాడి ఉంటుంది.

రేకులపై గోధుమ మచ్చలు, ఆపైన బూడిద రంగు నూగు

ఇది బొట్రైటిస్ అనే బూజు. చల్లదనం, తడి, కదలని గాలి మూడూ కలిసినప్పుడు ముందు వాడిన పువ్వును పట్టి, అక్కడి నుంచి పక్క పువ్వుకు పాకుతుంది. అందుకే వాడిన పూలను చెట్టునే వదిలేయడం ఈ కాలంలో చేయగల అతి పెద్ద తప్పని నా అభిప్రాయం. మచ్చపడిన పూలను మంచు తడి ఆరాక కత్తిరించి, తోటకు దూరంగా పారవేయండి. కుండీల మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచి, నీటిని ఉదయం వేళ మొదలు దగ్గర మాత్రమే పోయండి.

కింది ఆకులు పసుపుబారి, మొక్క వాలిపోతోంది

మట్టిలోకి వేలు రెండు అంగుళాల లోతు దించండి. తడి తగిలితే, ఆ వాలడం దాహం వల్ల కాదు, వేళ్లు ఊపిరాడక కుళ్లడం వల్ల. పళ్లెంలో నిలిచిన నీరు పారబోసి, అడుగు రంధ్రం తెరిచి, పైమట్టి ఆరేదాకా నీరు ఆపాలి. వేలికి పొడిగా తగిలితే మాత్రం నిండుగా తడపాలి.

తెల్ల చామంతి గులాబీ రంగుకు తిరిగింది

జబ్బు కాదు. చలికీ, పువ్వు ముదరడానికీ రేకుల్లో ఎర్రని వర్ణకం చేరుతుంది. అలాగే ఉండనివ్వండి.

ఒక్క రాత్రిలో బంతి నల్లబడింది, పక్కనున్న చామంతి బాగానే ఉంది

గడ్డకట్టే చలికి బంతి ఆగదు, చామంతి తేలికపాటి దెబ్బను తట్టుకుంటుంది. నల్లబడిన బంతి కోలుకోదు కనుక పీకివేసి, ముదిరి ఎండిన పూల నుంచి విత్తనం తీసి ఆరబెట్టుకోవచ్చు. చామంతిని మాత్రం ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న సాయంత్రాల్లో పలుచని గుడ్డతో నేలదాకా కప్పి, పొద్దెక్కాక తీసేయండి. పూత పూర్తిగా అయిపోయాక కొమ్మలను నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తున కత్తిరిస్తే, మొదలు నుంచి వచ్చే పిలకలే వచ్చే ఏటి నారు.