యాక్సిలరేటర్ వదిలితే నీలం పొగ: ఆయిల్ హెడ్‌లోనే ఆగిపోతోందేమో చూడండి

పాత జీప్ బాడీలో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు 1.3 లీటర్ ఇంజిన్ పెట్టుకున్నాం. అడ్డంగా ఉండాల్సిన ఇంజిన్‌ని బండి పొడవునా ఉండేలా తిప్పాం. గేర్‌బాక్స్ కుదరడానికి వెనక వైపు కొంచెం వాల్చాం కూడా. హన్మకొండలో తిరిగినన్నాళ్లు ఏ గొడవా లేదు. ములుగు రోడ్డులో గూడెప్పాడ్ దాటాక మూడో గేర్‌లో 5,000 ఆర్‌పీఎం మీద కాసేపు పట్టి నడిపి, స్పీడ్ బ్రేకర్ చూసి కాలు తీయగానే వెనకంతా నీలం పొగ. ఆయిల్ ప్రెషర్ ముల్లు కూడా వణికింది.

"రింగులు పోయినయన్నా, ఇంజిన్ దించుడే" అన్నాడు మా మెకానిక్. దించే ముందు పొగ ఎప్పుడొస్తుందో చూడాలి.

పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చి ఆగిపోతే చాలావరకు వాల్వ్ సీల్సే. రేస్ ఇచ్చినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానపడొచ్చు. చాలాసేపు హై ఆర్‌పీఎంలో నడిపి కాలు తీసినప్పుడే గుప్పుమంటే, టాపెట్ కవర్ కింద, అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌లో, ఆయిల్ నిలిచి ఉంటుంది. కాలు తీసినప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి వెళ్లే గొట్టాలు) వ్యాక్యూమ్ పెరిగి, మునిగి ఉన్న వాల్వ్ గైడ్ల (వాల్వులు ఆడే గొట్టాలు) గుండా ఆ ఆయిల్‌ని లోపలికి పీలుస్తుంది. పైన ఆగిన ఆయిల్ చాంబర్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తక్కువైనట్టే కదా, ప్రెషర్ ముల్లు వణికేది అందుకే. కొందరు అర లీటరు ఎక్కువ పోసి సరిపెడతారు. నేను ఒప్పుకోను. లెవెల్ పెరిగితే క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది.

ఎందుకు దిగడం లేదు?

ముందు తేలికైనవి చూడండి. టాపెట్ కవర్ విప్పి, హెడ్‌లో ఆయిల్ దిగే రంధ్రాల్లో సన్నటి తీగ దించండి. మా దాంట్లో ఒక రంధ్రంలో గ్యాస్కెట్‌కి రాసిన సిలికాన్ పేస్ట్ ముద్దగా దిగి గట్టిపడి ఉంది, చిటికెన వేలి గోరంత. వేరే కంపెనీ హెడ్ గ్యాస్కెట్ వేస్తే దాని రంధ్రాలు బ్లాక్ రంధ్రాల మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకోవాలి. పెద్ద ఆయిల్ పంప్ వేసి, హెడ్‌కి ఆయిల్ వెళ్లే దారిని సన్నం చేసే రెస్ట్రిక్టర్ తీసేసినా ఇదే పరిస్థితి. దిగే దానికన్నా ఎక్కేది ఎక్కువవుతుంది.

అవన్నీ బాగుంటే మిగిలేది బ్యాక్ కంప్రెషన్. కిరాణా షాపులో 15 కిలోల నూనె డబ్బాకి రెండు మూలలా రంధ్రం కొడతారు. ఒక్కటే కొడితే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది, గాలి లోపలికి పోయే దారీ నూనె వచ్చే దారీ ఒకటే కాబట్టి. ఇంజిన్‌లోనూ అంతే. పిస్టన్ల పక్క నుంచి దిగిన గ్యాస్ (బ్యాక్ కంప్రెషన్ అంటే ఇదే) పైకి పోవాలి, ఆయిల్ కిందికి రావాలి. ఆ గ్యాస్ బయటికి పోయే పైపు, అదే బ్రీదర్, సన్నగా ఉంటే గ్యాస్ కూడా ఆయిల్ రంధ్రాల్లోంచే ఎగదన్నుతుంది.

దీనికి టెస్ట్ సులువు. పారదర్శకమైన ప్లాస్టిక్ పైపుని యు ఆకారంలో వంచి కొంచెం నీళ్లు పోసి, ఒక కొనని డిప్‌స్టిక్ గొట్టానికి గట్టిగా తొడగండి. రేస్ పెంచేకొద్దీ బయటి వైపు నీళ్లు పైకి ఎగబాకుతుంటే లోపల ప్రెషర్ నిలుస్తోంది. ముందు బ్రీదర్ పైపు లావు చేయండి, రింగులు చెక్ చేయించండి. ఇది తేలకుండా, ఆయిల్ దిగడానికి హెడ్‌కి కొత్త రంధ్రం పెడదామని డ్రిల్ పట్టుకోవద్దు.

డ్రెయిన్ పెట్టాల్సి వస్తే

డ్రెయిన్ అంటే హెడ్‌లో ఆగిన ఆయిల్‌ని చాంబర్‌కి దించే విడి పైపు. మా ఇంజిన్ వాలుగా ఉంది కాబట్టి హెడ్ వెనక మూలలో ఆయిల్ చేరేది. ఇంజిన్ బండిలో కూర్చున్న తీరులో ఏది పల్లమో అక్కడే రంధ్రం పడాలి. జపాన్‌లో రేసులకి వాడే నిస్సాన్ ఆర్‌బీ26 ఇంజిన్లకి హెడ్ వెనక ప్లగ్ తీసి ఇలాగే చాంబర్‌కి పైపు దించుతారు. మనకి అలాంటి ప్లగ్ లేకపోతే హెడ్ దించి, వాటర్ జాకెట్ (హెడ్ లోపల నీళ్లు తిరిగే దారి) ఎక్కడుందో చూసుకుని లేతు షాపులో చేయించాలి. బండి మీదే డ్రిల్ చేస్తే అల్యూమినియం పొట్టు ఇంజిన్ లోపలికి పోతుంది.

1/2 అంగుళం బీఎస్‌పీ (పైపులకి వాడే కొలత) మర వేయించి, లోపలి రంధ్రం వీలైనంత పెద్దగా ఉన్న అడాప్టర్ బిగించాం. కరీంనగర్ గ్రానైట్ క్వారీల పుణ్యమా అని ఇటు వైపు హైడ్రాలిక్ హోస్ షాపులకి కొదవ లేదు. ఆయిల్‌కి, వేడికి తట్టుకునే 16 మి.మీ. హోస్ అడగండి. రేడియేటర్ హోస్ మాత్రం వద్దు, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.

హోస్ పై నుంచి కింది దాకా దిగుతూనే ఉండాలి. మధ్యలో ఎక్కడ పొట్ట జారినా అక్కడ ఆయిల్ నిలిచి గ్యాస్ దారి మూసుకుపోతుంది. చాంబర్‌లో కలిపే చోటు ఆయిల్ లెవెల్‌కి పైన, క్రాంక్ విసిరే చినుకులు నేరుగా తగలకుండా ఉండాలి. మేం లోపల చిన్న రేకు అడ్డం పెట్టించాం. వెల్డింగ్ అయ్యాక చాంబర్ బయట అతుకు మీద సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోసి గంట ఉంచండి. సన్నటి లీక్ ఉన్నా సుద్ద మీద తడి మచ్చ తేలుతుంది. మాకు మొదటిసారి తేలింది, మళ్లీ వెల్డింగ్ చేయించాం.

బిగించాక అదే రోడ్డు, అదే గేర్, అదే 5,000. పొగ రాలేదు. పక్కకి ఆపి, సైలెన్సర్‌కి చేయి తగలకుండా హోస్‌ని పైనా కిందా ముట్టుకుని చూడండి. రెండు చోట్లా వేడి ఒకేలా ఉంటే ఆయిల్ దిగుతోంది. కింద బాగా చల్లగా ఉంటే హోస్ ఎక్కడో మడత పడినట్టే.