క్రోన్స్ వ్యాధి మందుల ట్రయల్‌లో చేరాలంటే: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి ప్రాంతాల్లో క్రోన్స్ వ్యాధితో (పేగుల్లో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాల జబ్బుతో) బాధపడేవారికి కొత్త మందుల క్లినికల్ ట్రయల్ (మందు ఎలా పనిచేస్తుందో రోగులకు ఇచ్చి చూసే పరీక్ష) సంగతి సాధారణంగా విశాఖపట్నంలోనో బరంపురంలోనో తమను చూసే గ్యాస్ట్రో డాక్టరు ద్వారానే తెలుస్తుంది. వినగానే ఇంట్లో అందరూ అడిగేది "మనల్ని తీసుకుంటారా?" అనే. ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు మీ ఇంట్లో పాత రిపోర్టులు దాచిన సంచిలోనే ఉంటుంది.

పెద్దల కోసం జరిగే ట్రయల్స్‌లో ఎక్కువ భాగం 18 ఏళ్లు నిండి 75 లేదా 80 ఏళ్లు దాటనివారిని తీసుకుంటాయి. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష), బయాప్సీ (పేగు నుంచి తీసిన చిన్న ముక్క పరీక్ష)ల ఆధారంగా జబ్బు నిర్ధారణ జరిగి కనీసం మూడు నెలలు అయి ఉండాలని సాధారణంగా కోరతాయి. మన దేశంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట పుండ్లు, పేగు సన్నబడటం, జ్వరం, బరువు తగ్గటం పేగు క్షయలోనూ కనిపిస్తాయి కనుక, చాలామందికి ముందుగా టీబీ మందులే ఇచ్చి చూస్తారు. అలా వాడినవారు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాడారో, ఆ తరువాత చేసిన కొలనోస్కోపీలో పుండ్లు మానాయో లేదో తెలిపే కాగితాలను జాగ్రత్త చేసుకోవాలి. రంగుల ఫొటోలున్న కొలనోస్కోపీ రిపోర్టును అందరూ భద్రంగానే దాచుకుంటారు; వారం తరువాత వచ్చే బయాప్సీ కాగితం కోసం మాత్రం మళ్లీ రైలెక్కడానికి బద్ధకిస్తారు. మా బావగారు ఆ ఒక్క కాగితం తెచ్చుకోలేదు. రెండేళ్ల తరువాత ట్రయల్ వారు అడిగినప్పుడు ల్యాబులో అది దొరకకపోవడంతో ఆయన మళ్లీ పరగడుపున పేగు శుభ్రం చేసుకునే మందు తాగి, పరీక్ష మొదటి నుంచి చేయించుకోవలసి వచ్చింది.

తరువాత చూసేది జబ్బు తీవ్రత. క్రోన్స్ తీవ్రతను అంకెల్లో చెప్పే సీడీఏఐ అనే కొలమానంలో 150 కంటే తక్కువ వస్తే జబ్బు అణిగి ఉన్నట్టు లెక్క. ట్రయల్స్ తరచుగా 220 నుంచి 450 మధ్య ఉన్నవారిని కోరతాయి. ఈ లెక్క కోసం రోజుకు ఎన్నిసార్లు నీళ్ల విరేచనాలయ్యాయి, కడుపునొప్పి ఎంత ఉంది అన్నవి ఏడు రోజులపాటు డైరీలో రాయాలి. ఎవరడిగినా "పర్వాలేదండీ" అనడం మనకు అలవాటు. ఆ అలవాటే డైరీలోకి వస్తే నిజంగా అర్హత ఉన్నవారు కూడా బయటే ఉండిపోతారు. అలాగని ఎక్కువ చేసి రాసినా లాభం లేదు, ఎందుకంటే చాలా ట్రయల్స్‌లో కొలనోస్కోపీ వీడియోను రోగి ఎవరో తెలియని నిపుణుడు విడిగా చూసి పుండ్లకు మార్కులు వేస్తాడు.

ఇదివరకు వాడిన మందులు పనిచేయకపోవడం, లేదా పడకపోవడం కూడా ఒక అర్హతే. స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ వంటివి ఎప్పుడు, ఎంత మోతాదులో వాడారో మందుల చీటీలతో చూపగలగాలి. స్టెరాయిడ్ మోతాదు రోజుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఒక ట్రయల్ అంటే, 40 దాకా మరొకటి ఒప్పుకుంటుంది. ఏదైనా కొన్ని వారాలుగా ఆ మోతాదు మారకుండా ఉండాలి. ట్రయల్‌లో చేరాలని ఎవరూ తమంతట తాము మందులు ఆపకూడదు. నాటు మందులు వాడుతుంటే మొహమాటం లేకుండా చెప్పాలి.

పేగులో చీముగడ్డ, బాధపెట్టేంతగా పేగు సన్నబడటం, మలం కోసం పొట్టపై అమర్చిన సంచి, హెపటైటిస్ బి లేదా సి, హెచ్‌ఐవీ, ఇటీవలి క్యాన్సర్, గర్భం, పాలిచ్చే స్థితి ఉంటే సాధారణంగా తీసుకోరు. లోపల నిద్రాణంగా ఉన్న టీబీ బయటపడినా ఆశ వదులుకోనక్కర లేదు. దానికి నివారణ మందు మొదలుపెట్టి కొన్ని వారాలు గడిచాక అనుమతించే ట్రయల్స్ ఉన్నాయి. పిల్లలకు వేరే ట్రయల్స్ ఉంటాయి.

ట్రయల్ నిజమైనదో కాదో సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీలో ట్రయల్స్‌ను నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి అయింది. అందులో జబ్బు పేరుతో వెతికి, 'ఓపెన్ టు రిక్రూట్‌మెంట్' (ఇంకా రోగులను చేర్చుకుంటున్నారు) అని ఉందో లేదో, మీకు అందుబాటులోని ఊరి ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో, రోగుల భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చిందో లేదో చూసుకోండి.

ట్రయల్‌లో చేరడానికి సంతకం చేసే సమ్మతి పత్రం దగ్గర మన ప్రాంతంవారికి మరో ఇబ్బంది ఎదురవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివినవారికి తెలుగు పత్రం చేతికిస్తే అక్షరాలు కూడబలుక్కోవలసిందే. మీకు చదవడం వచ్చిన లిపిలోనే పత్రం అడగండి. చదువు రానివారికి సంబంధం లేని సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. అసలు మందుకు బదులు మందు లేని మాత్ర వచ్చే అవకాశం ఉందా, పార్వతీపురం మీదుగా విశాఖకు ఎన్నిసార్లు రావాలి, రైలు ఖర్చు ఎవరిది అన్నవి సంతకానికి ముందే అడగాలి. ట్రయల్ వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చేరాక కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు.

స్క్రీనింగ్‌లో (చేర్చుకునే ముందు చేసే పరీక్షల్లో) పనికిరారని తేలితే కారణం కాగితం మీద రాయించుకోండి. రక్తహీనత, స్టెరాయిడ్ మోతాదు వంటి సరిదిద్దుకోగల కారణమైతే కొన్ని ట్రయల్స్ మరొకసారి స్క్రీనింగ్‌కు ఒప్పుకుంటాయి. అప్పటికి చేసిన రక్త పరీక్షల నకళ్లు కూడా తిరుగు రైలు ఎక్కేముందే తీసుకోండి.