బటన్ నొక్కినా కారు స్టార్ట్ కాకపోతే

డాష్‌బోర్డు మీద 'కీ నాట్ డిటెక్టెడ్' అని వస్తే కంగారుపడి టోయింగ్ వాళ్లకి ఫోన్ చేయకండి. చాలాసార్లు అయిపోయేది రిమోట్ తాళంలోని చిన్న బిళ్ల బ్యాటరీయే. అది చచ్చిపోయినా తాళంలోని ఇమ్మొబిలైజర్ చిప్ (తన తాళమేనని కారు గుర్తుపట్టేది దీంతోనే) పనిచేస్తుంది, దానికి సొంత బ్యాటరీ అక్కర్లేదు. బ్రేకు గట్టిగా తొక్కి (చేత్తో గేర్లు మార్చే కారైతే క్లచ్ కూడా), తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు కప్ హోల్డర్‌లోనో, స్టీరింగ్ పక్కనో ఉంటుంది, కారుతో వచ్చిన పుస్తకంలో చూడండి. డోరు తెరవడానికి తాళంలోనే దాగి ఉన్న లోహపు కీ ఉంటుంది.

తర్వాత బ్యాటరీ మార్చండి. ఎక్కువ తాళాల్లో సీఆర్ 2032, 3 వోల్టులది. పాతదాని మీద నంబరు చూసే కొనండి. 2025 అదే వెడల్పు, కానీ పలచన, వదులుగా కూర్చుంటుంది.

కొత్తది వేసినా అంతేనా? తాళం సిగ్నల్‌కి అడ్డొస్తాయేమో, సెల్‌ఫోన్‌కీ ఛార్జర్‌కీ దూరంగా పెట్టి చూడండి. బటన్ నొక్కితే లైట్లు మసకబారి టకటకమని చప్పుడొస్తే తప్పు తాళానిది కాదు, కారు బ్యాటరీది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే పరికరం) కొలిస్తే ఆ బ్యాటరీలో 12.6 వోల్టులు ఉండాలి, 12 కంటే తక్కువైతే ఛార్జింగ్ పెట్టాల్సిందే.

లైట్లన్నీ బాగా వెలుగుతూ ఇంజిన్ మాత్రం తిరగకపోతే, బ్రేకు తొక్కినప్పుడు వెనక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే బ్రేకు తొక్కినట్టు కారుకి తెలియట్లేదన్నమాట, పెడల్ దగ్గరి బ్రేక్ స్విచ్‌నో, దాని ఫ్యూజునో అనుమానించాలి. చౌక భాగమే, కానీ దీన్ని వదిలేసి ఖరీదైన కంట్రోల్ యూనిట్ (కారులోని కంప్యూటర్) మార్చేస్తుంటారు!